వేళ్లు ఉన్నాయి, పట్టు లేదు: టెండన్ తెగిన కార్మికుడి నష్టపరిహారం కేసు

పనిలో వేలు తెగిపడితే నష్టపరిహారం శాతం గురించి పెద్దగా వాదన ఉండదు. 1923 నాటి ఉద్యోగుల నష్టపరిహార చట్టం మొదటి షెడ్యూల్లో ఏ వేలికి ఎంతో రాసే ఉంది. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, మధ్యవేలికి 12, ఒకే చేతికి రెండు వేళ్లు పోతే 20, బొటనవేలికి 30. వేలు అలాగే ఉండి లోపల టెండన్, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడులాంటి కట్టు, తెగినప్పుడే అసలు చిక్కు వస్తుంది. పైకి సన్నటి మచ్చ తప్ప ఏమీ కనపడదు. చెయ్యి చూసినవాళ్లు "బాగానే ఉందిగా" అంటారు. ఆ చేత్తో పట్టుకున్న వస్తువు జారిపోతుంటుంది.

నేను కార్మికుల తరఫున వాదించే అడ్వకేట్‌ని. ఇలాంటి గాయాలతో వచ్చేవాళ్లలో చాలామంది తమ కేసు బలహీనమైనదని వాళ్లే ముందుగా నమ్మేసి వస్తారు. అది నిజం కాదని చెప్పడానికే ఈ కేసు మొదటి నుంచి చివరిదాకా రాస్తున్నాను. గాయపడిన మనిషి అనుమతి తీసుకున్నాను. ఆయన పేరు, యజమాని పేరు, బీమా కంపెనీ పేరు ఇవ్వడం లేదు. ఆయన్ని మేస్త్రీ అని పిలుస్తాను, షెడ్డులో అందరూ అలాగే పిలిచేవాళ్లు.

ప్రమాదం, ఆ తర్వాతి ఐదు వారాలు

హైదరాబాద్ శివార్లలో అద్దాలు కోసి, అంచులు పాలిష్ పట్టే చిన్న షెడ్డు అది. పనివాళ్లు ఆరుగురు. మేస్త్రీ పాలమూరు వైపు నుంచి చిన్న వయసులోనే వచ్చి ఈ పని నేర్చుకున్నాడు. ప్రమాదం నాటికి 34 ఏళ్లు. రోజుకు 750 రూపాయలు, నెలకు 26 రోజుల పని. అంటే నెలకు 19,500.

2021 నవంబరులో ఒక సాయంత్రం ఇద్దరు కలిసి ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న షీటు ఎత్తి టేబుల్ మీద పెడుతున్నారు. గాజు ఒక్కో మిల్లీమీటరు మందానికి చదరపు మీటరుకు రెండున్నర కిలోలు తూగుతుంది. ఈ లెక్కన ఆ షీటు 55 కిలోల పైమాటే. మూల టేబుల్ అంచుకు తగిలి షీటు పగిలింది. టఫెన్ చేసిన గాజయితే చిన్న చిన్న పలుకులుగా రాలిపోయేది. ఇది మామూలు గాజు కాబట్టి పొడుగాటి ముక్కలుగా విరిగింది. జారుతున్న ముక్కను ఆపబోయిన మేస్త్రీ కుడి చేతి చూపుడువేలు, మధ్యవేలు మొదళ్ల దగ్గర అరచేతి వైపు అడ్డంగా తెగాయి.

షెడ్డు యజమాని సేఠ్ తనకు తెలిసిన ప్రైవేటు క్లినిక్‌కు తీసుకెళ్లాడు. రక్తం ఆపి, చర్మానికి కుట్లు వేసి, మందులిచ్చి పంపేశారు. వేళ్లు వంచి చూపించమని అక్కడ ఎవరూ అడగలేదని మేస్త్రీ చెప్పాడు, ఆ చీటీలో కూడా ఆ పరీక్ష ఊసే లేదు. అది అర నిమిషం పని. వేలి మధ్య కణుపు కదలకుండా పట్టుకుని కొస ఒక్కటే వంచమనాలి, తర్వాత మిగతా వేళ్లు చాచి ఉంచి ఆ ఒక్క వేలు వంచమనాలి. రెండూ చేయలేకపోతే రెండు టెండన్లూ తెగినట్టే.

కుట్లు మానాయి. వేళ్లు మాత్రం చాచినవి చాచినట్టే ఉండిపోయాయి. "నరం పట్టేసింది, అదే సర్దుకుంటుంది" అని అందరూ చెబితే ఆగాడు. ఐదు వారాలకు ప్రభుత్వ ఆసుపత్రి ప్లాస్టిక్ సర్జరీ విభాగానికి చేరాడు.

ఆ ఆలస్యం ఎందుకు అంత నష్టమో కేసు చూసే ప్రతి లాయరుకూ తెలిసి ఉండాలి. ప్రతి వేలికీ ముంజేతి కండరాల నుంచి రెండు టెండన్లు వస్తాయి. ఒకటి వేలి కొసదాకా, ఇంకోటి మధ్య ఎముకదాకా. బావి గిలకలో తాడులా అవి సన్నటి తొడుగు గుండా జారుతూ వేలిని వంచుతాయి. అరచేతి పై గీత నుంచి వేలి మధ్య ఎముక వరకూ ఉన్న భాగాన్ని సర్జన్లు జోన్ 2 అంటారు. ఇరుకు తొడుగులో రెండు టెండన్లూ ఒకదాన్నొకటి ఆనుకుని వెళ్లే చోటు అదే. అక్కడ కుట్టినా చుట్టూ అతుక్కుపోయే ప్రమాదం ఎక్కువ కాబట్టి, ఒకప్పుడు దానికి 'నో మ్యాన్స్ ల్యాండ్' అనే పేరుండేది. మొదటి కొద్ది రోజుల్లో కుడితే మంచి ఫలితం రావచ్చు. వారాలు గడిస్తే తెగిన కొస అరచేతిలోకి లాక్కుపోతుంది, ఖాళీ అయిన తొడుగు ముడుచుకుపోతుంది.

మేస్త్రీకి అదే జరిగింది. నేరుగా కుట్టడం కుదరక రెండు విడతల ఆపరేషన్ చేశారు. మొదట తొడుగు మళ్లీ ఏర్పడడానికి సిలికాన్ రాడ్ పెట్టారు. కొన్ని నెలల తర్వాత రాడ్ తీసి, ముంజేతి నుంచి తీసిన టెండన్ అమర్చారు. తర్వాత స్ప్లింట్, ఫిజియోథెరపీ. చివరికి మిగిలింది ఇది: రెండు వేళ్లూ సగం వరకే వంగుతాయి, కొసలు అరచేతిని తాకవు, చూపుడువేలి ఒక పక్క స్పర్శ లేదు. పట్టు బలం కొలిచే డైనమోమీటరు మీద ఎడమ చేతి పట్టు 38 కిలోలు, కుడి చేతిది 13.

నా దగ్గరికి వచ్చేనాటికి

ఆయనా భార్యా కలిసి వచ్చారు. చేతిలో ఒక స్టాంపు పేపరు. సేఠ్ 50,000 ఇచ్చి "పూర్తిగా ముట్టింది, ఇకమీదట ఏ క్లెయిమూ లేదు" అని రాయించుకున్న కాగితం. "సంతకం పెట్టినాం మేడమ్, ఇంక ఏం రాదంట గదా" అని ఆమె నన్నే అడిగింది.

ఆ కాగితం చూసి వెనక్కి తగ్గాల్సిన పని లేదు. చట్టం కింద వచ్చే హక్కును వదులుకుంటూ రాసుకున్న ఒప్పందం సెక్షన్ 17 ప్రకారం చెల్లదు. రాజీ చేసుకోవాలంటే ఆ ఒప్పందాన్ని సెక్షన్ 28 కింద, ఈ కేసులు విచారించే కార్మిక శాఖ కమిషనర్ దగ్గర రిజిస్టరు చేయాలి. మొత్తం మరీ తక్కువనిపిస్తే కమిషనర్ దాన్ని తిరస్కరించవచ్చు. రిజిస్టరు చేయకపోతే, సెక్షన్ 29 ప్రకారం యజమాని పూర్తి మొత్తానికి బాధ్యుడవుతాడు. ఎంతమంది ఇలాంటి కాగితం మీద సంతకం పెట్టి ఇంటికి వెళ్లిపోయి ఉంటారో తలచుకుంటే బాధేస్తుంది. పనిలో చేర్చుకునేటప్పుడే ఈ చట్టం కింద ఉన్న హక్కుల్ని కార్మికుడికి అర్థమయ్యే భాషలో రాతపూర్వకంగా తెలపాలని 2017 సవరణతో వచ్చిన సెక్షన్ 17ఎ చెబుతోంది. ఆ షెడ్డులో ఎవరికీ అలాంటి కాగితం అందలేదు.

తర్వాత చూడాల్సింది ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల రాజ్య బీమా. పది మంది అంతకన్నా ఎక్కువ పనిచేసే చోట, జీతం 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ వర్తిస్తుంది. బీమా ఉన్న ఉద్యోగి ఈఎస్ఐ చట్టం సెక్షన్ 53 వల్ల 1923 చట్టం కింద క్లెయిమ్ వేయలేడు. అక్కడ దారి వేరు, సెలవు కాలానికి జీతంలో 90 శాతం, ఆ తర్వాత మెడికల్ బోర్డు. ఇక్కడ పనివాళ్లు ఆరుగురే కాబట్టి కార్మిక శాఖ కమిషనర్ దగ్గరికే వెళ్లాం. మన రాష్ట్రాల్లో ఉప లేదా సహాయ కార్మిక కమిషనర్లే ఈ చట్టం కింద కమిషనర్లుగా కూర్చుంటారు. షెడ్డులో కరెంటుతో నడిచే పాలిషింగ్ మిషన్ ఉంది కాబట్టి, ఏ పనివాళ్లు ఈ చట్టం కిందికి వస్తారో చెప్పే రెండో షెడ్యూలు వర్తిస్తుంది. ప్రమాదం జరిగిన రెండేళ్లలోపు క్లెయిమ్ వేయాలి. మేం గడువులోనే వేశాం.

పనిచేశాడని రుజువు చేయడం

అపాయింట్‌మెంట్ లెటరు లేదు, హాజరు పుస్తకం లేదు. బీమా కంపెనీ అసలు ఉద్యోగమే లేదంది. సేఠ్ మాత్రం ఆరుగురు పనివాళ్ల పేరిట పాలసీ తీసుకున్నాడు, అందులో ఒక్కొక్కరి జీతం నెలకు 8,000గా చూపించాడు. ప్రతి శనివారం ఫోన్‌పేలో వచ్చిన డబ్బుల స్టేట్‌మెంట్, ఫలానా అపార్ట్‌మెంట్‌కు కొలతలు తీసుకోవడానికి వెళ్లమంటూ సేఠ్ పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజీలు, క్లినిక్ చీటీలో 'పని చేస్తుండగా గాజు తగిలింది' అన్న మాట. ఈ మూడింటితో ఉద్యోగం రుజువైంది. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి, అది ఎక్కడి నుంచి ఎలా తీశామో ధ్రువీకరించే అప్పటి సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్ జతచేశాం. కమిషనర్ ముందు సాక్ష్యాల నియమాలు కోర్టులో ఉన్నంత కఠినంగా ఉండవు కానీ, అవతలివాళ్లకు సందు ఇవ్వకపోవడమే మంచిది.

ఆసుపత్రికి వెళ్లిన మొదటి రోజు "ఎలా తగిలింది" అని అడిగితే, పనిచేసే చోటు, చేస్తున్న పని చెప్పి రాయించుకోవాలి. "ఇంట్లో పడ్డానని చెప్పు, లేకపోతే పోలీస్ కేసవుతుంది" అని భయపెట్టే యజమానులున్నారు. అలా రాయించుకున్న కేసుల్లో ఆ ఒక్క వాక్యంతోనే ఏళ్లు పోతాయి.

శాతం దగ్గర అసలు పోరాటం

మొదటి షెడ్యూలు చివర ఒక గమనిక ఉంది. ఏదైనా అవయవం పూర్తిగా, శాశ్వతంగా పనికిరాకుండా పోతే, అది పోయినట్టే లెక్క అని. మేస్త్రీ వేళ్లు సగం వంగుతాయి కాబట్టి ఈ గమనిక వర్తించదని, రెండు వేళ్లు పూర్తిగా పోయినా 20 శాతమే అయినప్పుడు ఇతనికి అందులో సగం చాలని బీమా కంపెనీ వాదన. వినడానికి సమంజసంగానే ఉంటుంది. అందుకే ఆ దారిలో వాదించడం మంచిది కాదు.

మేం తీసుకున్న దారి వేరు. టెండన్ గాయం షెడ్యూల్లో లేదు. షెడ్యూల్లో లేని గాయానికి సెక్షన్ 4(1)(సి) రెండో భాగం వర్తిస్తుంది. అక్కడ కొలిచేది వేలిని కాదు, అర్హత ఉన్న డాక్టరు అంచనా వేసిన సంపాదన సామర్థ్య నష్టాన్ని. వడ్రంగి ఎడమ చెయ్యి మోచేతి పైన తీసేసిన కేసులో, వడ్రంగం ఒక చేత్తో చేయలేడు కాబట్టి నష్టం 100 శాతమేనని సుప్రీంకోర్టు 1975లోనే ప్రతాప్ నారాయణ్ సింగ్ దేవ్ తీర్పులో చెప్పింది. పని ఏమిటో చూసి శాతం కట్టాలన్న సూత్రానికి ఈనాటికీ ఆధారం ఆ తీర్పే.

అలాగని 100 అడగలేదు. శాశ్వత పాక్షిక వైకల్యమంటే ప్రమాదం నాటికి మనిషి చేయగలిగిన ప్రతి పనిలోనూ సంపాదన తగ్గడమని సెక్షన్ 2(1)(జి) అంటోంది. మేస్త్రీకి ఎడమ చెయ్యి బాగుంది, అప్పటికే వాచ్‌మన్‌గా 10,500కు చేరాడు. ఉన్నదానికంటే ఎక్కువ అడిగితే ఉన్నదాన్ని కూడా కమిషనర్ అనుమానంగా చూస్తారు. ఆపరేషన్ చేసిన సర్జన్ సంపాదన నష్టం 50 శాతమని సర్టిఫై చేశారు, మేం అదే అడిగాం.

ఆ సర్టిఫికెట్ రాసేముందు డాక్టరుగారికి మేం ఒక పేజీ ఇచ్చాం. గాజు కోసేవాడు రోజంతా ఏం చేస్తాడో అందులో రాశాం. కిరోసిన్‌లో ముంచిన కట్టర్‌ని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు మధ్య పట్టుకుని, ఒకే ఒత్తిడితో, ఆగకుండా ఒక్క గీత గీయాలి. మధ్యలో ఒత్తిడి తగ్గితే గాజు గీత వెంట విరగదు, షీటు వృథా. తర్వాత అంచు పట్టుకుని విరవాలి. స్పర్శ లేని వేలితో పదునైన అంచు పట్టుకుంటే కోసుకున్న సంగతి కూడా తెలియదు. డాక్టర్లకు మన పనుల సంగతి తెలియకపోవడం తప్పేమీ కాదు, చెప్పాల్సింది మనమే.

క్రాస్ ఎగ్జామినేషన్ ఇలా నడిచింది.

"వేళ్లు ఉన్నాయి కదా డాక్టర్?"

"ఉన్నాయండి."

"సదరం సర్టిఫికెట్లో 24 శాతమే ఉంది. మీరు 50 ఎలా వేశారు?"

"సదరంలో చేతిని కొలుస్తారు. నన్ను అడిగింది ఆ చేత్తో ఎంత సంపాదించగలడని."

"వాచ్‌మన్‌గా చేస్తున్నాడుగా?"

"చేస్తున్నాడు. కట్టర్ మాత్రం పట్టలేడు."

మేస్త్రీ సాక్ష్యం రోజున ఆయన వాడిన కట్టర్‌నే తీసుకొచ్చాం. కమిషనర్ అనుమతితో టేబుల్ మీద పరిచిన కాగితం మీద గీయమన్నాం. బొటనవేలు గట్టిగా నొక్కుతోంది. చూపుడువేలు కర్రలా నిలబడిపోయింది, మధ్యవేలి కొస కట్టర్‌కు ఆనడం లేదు. నాలుగంగుళాలు పోయేసరికి కట్టర్ పక్కకు ఒరిగింది. మళ్లీ ప్రయత్నించాడు, మళ్లీ అక్కడే ఒరిగింది. కమిషనర్ ఆ సంగతి సాక్ష్యంలో తానే నమోదు చేయించారు.

మిగతా అభ్యంతరాలు

క్లినిక్‌లో సరిగా చూడకపోవడం వల్లే వైకల్యం వచ్చిందని, దానికి తాము బాధ్యులం కామని బీమా కంపెనీ మరో వాదన తెచ్చింది. సెక్షన్ 11(6) ఉంది కానీ, అది వర్తించాలంటే యజమాని ఉచితంగా ఇప్పించిన వైద్యాన్ని కార్మికుడు కాదని ఉండాలి, లేదా డాక్టరు చెప్పినదాన్ని కావాలనే పెడచెవిన పెట్టి ఉండాలి. ఇక్కడ క్లినిక్‌ను ఎంచుకున్నదే యజమాని. ఫిజియోథెరపీకి కొన్ని వారాలు రాలేదని ఓపీ చీటీలు చూపించారు. కూలి లేని ఇంట్లో వారానికి మూడుసార్లు బస్సు ఛార్జీలు ఎక్కడి నుంచి వస్తాయి? దాన్ని కావాలని చేసిన నిర్లక్ష్యం అనలేమని కమిషనర్ ఒప్పుకున్నారు.

గ్లోవ్స్ వేసుకోలేదన్నారు. భద్రత కోసం స్పష్టంగా ఇచ్చిన ఆదేశాన్ని కార్మికుడు కావాలని ధిక్కరించాడని రుజువు చేస్తేనే ఈ అభ్యంతరం నిలుస్తుంది. తెగకుండా కాపాడే గ్లోవ్స్ కొన్న బిల్లు ఒక్కటి చూపించమన్నాం. అలాంటి బిల్లు లేదు.

లెక్క

చట్టం కింద లెక్కకు తీసుకునే నెల జీతాన్ని కేంద్రం 2020 జనవరిలో 8,000 నుంచి 15,000కు పెంచింది. మేస్త్రీ సంపాదన 19,500 అయినా కమిషనర్ 15,000 తీసుకున్నారు. పాలసీలో 8,000 చూపినంత మాత్రాన కార్మికుడి హక్కు తగ్గదన్నారు. 15,000లో 60 శాతం 9,000. నాలుగో షెడ్యూల్లో 34 ఏళ్లకు గుణకం 199.40. రెండూ గుణిస్తే 17,94,600. అది 100 శాతానికి. కమిషనర్ 19,500కూ 10,500కూ ఉన్న తేడానూ డాక్టరు అంచనానూ కలిపి చూసి 45 శాతం నిర్ణయించారు. అలా 8,07,570 వచ్చింది. బీమా కంపెనీ చెప్పిన 10 శాతమే అయితే 1,79,460తో సరిపెట్టుకోవాల్సి వచ్చేది.

సేఠ్ ఇచ్చిన 50,000 ఇందులోంచి మినహాయించారు. క్లినిక్ బిల్లు 38,000 కూడా మినహాయించమని అడిగారు కానీ, వైద్యానికి యజమాని పెట్టిన ఖర్చును పరిహారంగా లెక్కకట్టకూడదని సెక్షన్ 4లోనే ఉంది. మేస్త్రీ సొంతంగా పెట్టిన మందులు, రాడ్, ఫిజియోథెరపీ ఖర్చుల్లో బిల్లులున్న 41,300 సెక్షన్ 4(2ఎ) కింద ఇచ్చారు. బిల్లుల్లేని ఆటో ఖర్చులు పోయాయి.

తాత్కాలిక వైకల్య కాలానికి పక్షానికోసారి జీతంలో 25 శాతం, అంటే 3,750 చొప్పున విడిగా అడిగాం. శాశ్వత వైకల్యం మొత్తంలోనే అది కలిసిపోయిందని కమిషనర్ కాదన్నారు. నేను ఇప్పటికీ ఒప్పుకోను. ఆపరేషన్ల మధ్య మనిషి ఒక్క రూపాయి సంపాదించని నెలలవి, ఆ నష్టం వేరు. కానీ ఆ ఒక్క అంశం కోసం హైకోర్టుకు వెళ్తే మొత్తం డబ్బు ఆలస్యమవుతుందని మేస్త్రీ వద్దన్నాడు. డబ్బు ఆయనది, నిర్ణయమూ ఆయనదే.

వడ్డీ సంగతి చాలామంది వదిలేస్తారు. పరిహారం ప్రమాదం రోజే బాకీ పడుతుంది. నెలలోపు కట్టకపోతే సెక్షన్ 4ఎ కింద ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ నడుస్తుంది. కమిషనర్ తీర్పు రోజు నుంచి కాదు. ఈ మొత్తం మీద అది ఏడాదికి దాదాపు 96,900. క్లెయిమ్‌లో వడ్డీ అడిగారో లేదో, ఏ తేదీ నుంచి అడిగారో మీ లాయరుని అడిగి తెలుసుకోండి.

2025 నవంబరు 21 నుంచి సామాజిక భద్రతా కోడ్ అమల్లోకి వచ్చింది. ఆ తర్వాతి ప్రమాదాలకు కోడ్ ఏడో అధ్యాయం చూసుకోవాలి. నేను ఇక్కడ చెప్పిన సెక్షన్ నంబర్లు పాత చట్టాలవి.

వసూలు

అప్పీలుకు వెళ్లాలంటే యజమాని పూర్తి మొత్తం కమిషనర్ దగ్గర డిపాజిట్ చేసి, ఆ సర్టిఫికెట్ జతచేయాలి. వాస్తవాల మీద హైకోర్టు మళ్లీ విచారణ చేయదు, ముఖ్యమైన చట్టపరమైన ప్రశ్న ఉండాలి. బీమా కంపెనీ అప్పీలుకు వెళ్లలేదు. 2024లో పరిహారం, వడ్డీ డిపాజిట్ చేసింది, కమిషనర్ ఆఫీసు నుంచి నేరుగా మేస్త్రీ ఖాతాలో పడ్డాయి. అందులో కొంతతో పాలమూరులో చెల్లెలి పెళ్లి అప్పు తీర్చారు, మిగిలింది ఆయన భార్య పోస్టాఫీసులో వేసింది.

జరిమానా మాత్రం బీమా కంపెనీ మీద పడదు. సరైన కారణం లేకుండా ఆలస్యం చేసినందుకు యజమానే కట్టాలి. కమిషనర్ సేఠ్‌కు విడిగా నోటీసిచ్చి, సంజాయిషీ విని, 20 శాతం కింద 1,61,514 వేశారు. సేఠ్ షెడ్డు మూసేసి వేరేచోట వేరే పేరుతో మొదలుపెట్టాడు. సెక్షన్ 31 కింద భూమి శిస్తు బకాయిలా వసూలు చేయమని కమిషనర్ నుంచి రెవెన్యూ వాళ్లకు సర్టిఫికెట్ వెళ్లింది. కొత్త షెడ్డు చిరునామా, అక్కడి కరెంటు మీటరు నంబరు మేస్త్రీయే తెచ్చిచ్చాడు. వాటితో రెవెన్యూ ఆఫీసులో మేం వేసిన అర్జీ ఇంకా పెండింగ్‌లో ఉంది.